216 హైవే మీద యాసిడ్ ట్యాంకర్: నీళ్లు ఎక్కడ కొట్టాం, ఎక్కడ ఆపాం

కంట్రోల్ రూమ్ నుంచి మా ఫైర్ స్టేషన్‌కి అందిన సమాచారం ఒక్క ముక్క: "ట్యాంకర్ బోల్తా పడింది, నూనె కారిపోతోంది, జనం బిందెలు పట్టుకుని పోతున్నారు." కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట సాగే 216 నంబరు జాతీయ రహదారి మీద, గోదావరి డెల్టాలో ఒక మలుపు. మే నెల, మిట్టమధ్యాహ్నం. రోడ్డుకి ఒక పక్క వరి కోసేసిన మళ్లు, రెండో పక్క రొయ్యల చెరువులు. ఊరి పేరు, ట్యాంకర్ ఎవరిదన్నది రాయడం లేదు. ఈ కేసులో నేర్చుకోవలసినదానికి వాటితో పని లేదు.

నూనె అన్నవాళ్లని తప్పుపట్టలేం. చిక్కగా, నింపాదిగా, మెరుస్తూ కారుతోంది. వాసన లేదు, పొగ లేదు. నాకు అనుమానం కలిగించింది ద్రవం కాదు, దాని పక్కనున్న గడ్డి. రోడ్డు వాలులో ఎండిపోయిన గడ్డి బొగ్గులా నల్లబడి ఉంది, కానీ ఎక్కడా మంట లేదు, బూడిద లేదు. నూనె గడ్డిని తడుపుతుంది, నల్లగా మాడ్చదు.

గాలి సముద్రం వైపు నుంచి వస్తోంది. బండిని గాలి వచ్చే వైపు, ఎత్తుగా ఉన్న చోట, ట్యాంకర్‌కి బాగా దూరంగా ఆపించాను. ఇలాంటి ద్రవాలకి మొదట అన్ని దిక్కులా కనీసం 50 మీటర్లు ఖాళీ చేయించాలన్నది పుస్తకంలో ఉన్న లెక్క. జనం ఉన్నప్పుడు నేను దాన్ని వందకి తీసుకెళ్తాను. తాడు కట్టిన చోట జనం ఆగరు, ఎప్పుడూ పది ఇరవై మీటర్లు లోపలికి తోసుకొస్తారు. హైవే పెట్రోలింగ్ వాళ్లు రెండు వైపులా లారీలు ఆపారు. బిందెల వాళ్లని వెనక్కి పంపడం మాత్రం వాళ్ల వల్ల కాలేదు. "యాసిడ్, ఒళ్లు కాలిపోద్ది" అని మైకులో రెండుసార్లు అన్నాక గానీ కదల్లేదు.

మా బండిలో బైనాక్యులర్స్ లేవు. డ్రైవర్ ఆపరేటర్ తన సెల్‌ఫోన్ కెమెరాని జూమ్ చేసి ట్యాంకర్ వెనక ప్యానెల్ ఫొటో తీశాడు. సెంట్రల్ మోటార్ వెహికిల్స్ రూల్స్, 1989 ప్రకారం ప్రమాదకర సరుకు మోసే ప్రతి బండికీ ఈ ప్యానెల్ ఉండాలి. ఫొటోలో మూడు కనిపించాయి: చేతి మీదా లోహం మీదా పరీక్షనాళికలు ఒలుకుతున్న బొమ్మతో 8వ తరగతి (ఒంటినీ లోహాన్నీ తినేసే రసాయనాల) గుర్తు, సరుకేంటో చెప్పే 1830 అనే నంబరు, ఏం చేయాలో చెప్పే 2పి అనే కోడ్. 1830 అంటే గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్. ప్యానెల్ చిరిగిపోయి ఉన్నా ట్యాంకు ఆకారాన్ని బట్టి కొంత పోల్చుకోవచ్చు. ఈ యాసిడ్ నీటికంటే 1.84 రెట్లు బరువు. 20 టన్నుల సరుకు 11 వేల లీటర్లలో ఇమిడిపోతుంది కాబట్టి లారీ పెద్దదైనా పీపా పొట్టిగా, బక్కగా ఉంటుంది. అదే బరువు మోసే పెట్రోలు ట్యాంకు దీనికి రెండింతలకి పైనే ఉంటుంది.

పొగ లేకపోవడం గురించి ఒక మాట. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితే తెల్లగా పొగలు కక్కుతుంది, గాఢ నైట్రిక్ అయితే ఎర్రగోధుమ రంగు పొగ లేస్తుంది. వాటిని చూస్తే ఎవరైనా పారిపోతారు. 98 శాతం సల్ఫ్యూరిక్ మామూలు ఎండలో ఆవిరి కాదు, అందుకే దగ్గరికి పోయి తొక్కుతారు. మాకొచ్చే కాల్స్‌లో కాళ్లు కాలేది ఎక్కువగా దీనితోనే.

డ్రైవరు

ట్యాంకర్ డ్రైవరు అద్దం పగలగొట్టుకుని తనే బయటపడ్డాడు. మేం వెళ్లేసరికి కొంచెం దూరంలో టీ బడ్డీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎడమ కాలు, నడుము వరకు ప్యాంటు తడిసింది. బడ్డీ ఆవిడ చెంబుతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తోంది, పోసినప్పుడల్లా అతను అరుస్తున్నాడు. ఆవిడ ఉద్దేశం మంచిదే, కానీ గాఢ సల్ఫ్యూరిక్ మీద చెంబెడు నీళ్లు పోస్తే వేడి పుడుతుంది, ఆ వేడిని తీసుకుపోయేంత నీళ్లు ఉండవు. మనిషి ఒంటి మీద పడిన యాసిడ్‌కి ధారగా, ఆగకుండా, బోలెడన్ని నీళ్లు కావాలి. హోస్ రీల్‌ని తక్కువ ప్రెషర్‌లో పెట్టి నడుము నుంచి కిందికి పట్టాం. ప్యాంటు విప్పలేదు, కత్తెరతో కోసి తీశాం. తల మీదుగానో కాళ్ల మీదుగానో లాగితే పడని చోట కూడా పడుతుంది.

కోశాక చూస్తే నడుం చుట్టూ మొలతాడు. నల్లదారం, దానికో తాయెత్తు. దారం యాసిడ్‌ని పీల్చుకుని ఒంటికి అంటుకుపోయి ఉంది, దాని కిందే అన్నిటికంటే లోతుగా కాలింది. అది కోసి తీశాకే అతని అరుపు తగ్గింది. అప్పటి నుంచి మా స్టేషన్‌లో ఎవరికి చెప్పినా ఇదీ కలిపి చెబుతున్నాను: బట్టలు తీశాక మొలతాడు, వాచీ, ఉంగరం, బెల్టు, కాలి కడియం చూడండి. ఇరవై నిమిషాలు తక్కువ కాకుండా నీళ్లు పట్టాక 108లో ఎక్కించాం. ఒంటి మీద సోడా, సున్నం లాంటివేవీ రాయనివ్వలేదు. చర్మం మీద తటస్థీకరణ చేస్తే పుట్టే వేడి ఇంకో గాయం.

ఈ పని చేసిన ఇద్దరు కుర్రాళ్లకీ గంబూట్లు, రబ్బరు చేతితొడుగులు, పీవీసీ ఏప్రాన్, ముఖానికి షీల్డ్ వేయించాను. అగ్గిలోకి వేసుకెళ్లే కోటు యాసిడ్‌కి పనికిరాదు. అది వేడిని ఆపుతుంది, ద్రవాన్ని పీలుస్తుంది. తోలు బూటు సంగతి సరేసరి, లోపల మేజోడు తడిసేదాకా మనిషికి తెలియదు.

"కొట్టేత్తే కొట్టుకుపోద్ది కదండీ"

ఈలోగా పక్క ఊరి పెద్దాయన ఒకాయన వచ్చి నిలదీశాడు. "ఏటండీ బాబూ, బండినిండా నీళ్లెట్టుకుని అలా చూత్తా నిలబడ్డారు? ఓ దెబ్బ కొట్టేత్తే కొట్టుకుపోద్ది కదండీ!" ఆయనదే కాదు, మా కుర్రాడిదీ అదే అనుమానం. "2పిలో పి అంటే డైల్యూట్ చేయొచ్చనే కదా సార్?" అన్నాడు. ట్రైనింగ్‌లో చెప్పింది గుర్తుంచుకున్నాడు, సంతోషం. ఆ కోడ్‌లో 2 అంటే వాడదగింది సన్నటి తుంపర. పి అంటే మూడు సంగతులు ఒకేసారి: రసాయనం ఉధృతంగా స్పందించవచ్చు, దగ్గరికి వెళ్లేవాళ్లకి ద్రవం చొరబడని పూర్తి సూట్, బీఏ సెట్ (వీపున సిలిండర్‌తో గాలి పీల్చుకునే పరికరం) ఉండాలి, ఒలికినదాన్ని ఎక్కువ నీళ్లతో పలుచన చేసి వదలవచ్చు. మూడోది మాత్రమే చదివి పంపు ఆన్ చేస్తే ప్రమాదం.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. ఒక లీటరు 98 శాతం యాసిడ్‌ని ఉత్త నీళ్లతో పీహెచ్ (ఆమ్లగుణం కొలత, 7 అంటే తటస్థం, తగ్గేకొద్దీ యాసిడ్) 3 దాకా తేవాలంటే ఇంచుమించు 36 వేల లీటర్లు కావాలి. మా వాటర్ టెండర్‌లో పట్టేది 4,500 లీటర్లు. అంటే ఒక్క లీటరు యాసిడ్‌కి ఎనిమిది బండ్లు. ఆ రోజు ఒలికింది రెండు టన్నులని తర్వాత తేలింది, అంటే సుమారు 1,100 లీటర్లు. దానికి 4 కోట్ల లీటర్లు, తొమ్మిది వేల బండ్లకి దగ్గర. అంతా చేశాక మిగిలేది పీహెచ్ 3, చేప బతకని నీరు. మా దగ్గరున్న రెండు బండ్లు కొడితే జరిగేది పలుచన కాదు. నీరు తేలిక, యాసిడ్ బరువు. నీరు పైన నిలిచి, రెండూ కలిసే చోట సలసల మరిగి యాసిడ్‌ని ఎగజిమ్ముతుంది. మిగిలింది వేడి వేడిగా, పలుచగా, ఇంకా వేగంగా పల్లానికి పరిగెడుతుంది. కదలకుండా ఉన్న రెండు టన్నుల సమస్యని మన చేత్తోనే కాలవలోకి పంపినట్టు.

అందుకని పెద్దాయనకి చెప్పాను: "మనిషి మీద ఎన్నయినా కొడతామండీ, దాని మీద మాత్రం కొట్టం." ఆయనకి నచ్చలేదు.

కల్వర్టు

అసలు టెన్షన్ ట్యాంకర్ దగ్గర లేదు, దానికి దిగువన ఉంది. రోడ్డు వాలులోంచి యాసిడ్ ఒక చిన్న బోదెలోకి దిగి, అక్కడి నుంచి కల్వర్టు కింద మురుగు కాలవ వైపు మెల్లగా పోతోంది. ఆ కాలవలోకి పోటు సమయంలో సముద్రపు నీరు ఎగదన్నుతుంది, చెరువుల వాళ్లు దాన్నే తోడుకుంటారు. రొయ్యలు పోతాయన్నది ఒక భయం. నాకు అంతకంటే పెద్ద భయం ఉప్పునీటి గురించి.

2005 ఫిబ్రవరి 4న స్వీడన్‌లోని హెల్సింగ్‌బోరిలో కెమిరా ఫ్యాక్టరీ సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకు బద్దలై 16 వేల టన్నులకి పైగా బయటపడింది. భూమిలోని నీటి పైపు పగిలి ట్యాంకు పునాది కింద మట్టిని కోసేయడం దానికి కారణం. యాసిడ్ పోయి సముద్రపు నీటిలో కలిసింది. మామూలుగా పొగలేని ఆ యాసిడే ఉప్పునీటితో కలిసి వేడెక్కి, హైడ్రోజన్ క్లోరైడ్‌తో కూడిన మేఘాన్ని లేపింది. గాఢ సల్ఫ్యూరిక్ ఉప్పుతో కలిస్తే హైడ్రోక్లోరిక్ పుడుతుందన్నది ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీయే. మా కాలవలోకి దిగేది రెండు టన్నులే కావచ్చు, కానీ పక్కనే మేత కొట్లలో కూలీలు పనిచేస్తున్నారు.

కల్వర్టుని మూయడానికి యాసిడ్‌ని ముట్టుకోనక్కర్లేదు, అందుకే సూట్లు రాకముందే చేయగలిగిన పని అది. చెరువుల దగ్గర ఎప్పుడూ ఒక పొక్లెయిన్ ఉంటుంది. దాన్ని పిలిపించి, యాసిడ్ ఇంకా చేరని చోట, దిగువ నుంచి ఎగువకి కాకుండా గట్టు మీద నుంచే బోదెకి అడ్డంగా మట్టి పోయించాం. కల్వర్టు నోటికి ఇసుక బస్తాలు వేశాం. గోనె సంచులు తెచ్చినవాళ్లని వద్దన్నాను. జనుము ఈ యాసిడ్‌లో నిమిషాల్లో నల్లబడి చిరిగిపోతుంది. యూరియా వచ్చే ప్లాస్టిక్ సంచులు నిలుస్తాయి. ఒకాయన ట్రాక్టరు నిండా ఊక తెచ్చాడు, పీల్చుకుంటుందని. ఊక, రంపపుపొట్టు, గడ్డి ఏదీ వేయకూడదు. వాటిలోని నీటిని యాసిడ్ లాక్కుని వేడెక్కిస్తుంది, నైట్రిక్ అయితే ఏకంగా అంటుకుంటుంది. ఇక్కడ పనికొచ్చింది పొడి ఇసుక, పొడి మట్టి.

ఆకాశం నైరుతిలో నల్లబడటం చూసి అందరికీ గుండె జారింది. మే నెల గాలివాన వస్తే పైన చెప్పిన లెక్కంతా దేవుడే చేసేస్తాడు. ఇక్కడ చెరువుల వాళ్లే ఆదుకున్నారు. చెరువు అడుగున పరిచే నల్లటి హెచ్‌డీపీఈ లైనర్ చుట్టలు వాళ్ల షెడ్డులో ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ ఈ యాసిడ్‌ని కొంతసేపు తట్టుకుంటుంది. యాసిడ్ నిలిచిన గుంట చుట్టూ మట్టి కట్ట పోసి, దానిపై లైనర్ వాలుగా పడేలా సిద్ధం చేసి ఉంచాం. చివరికి నాలుగు చినుకులే పడ్డాయి.

లోపలికి

మా స్టేషన్‌లో బీఏ సెట్లు ఉన్నాయి, కెమికల్ సూట్లు లేవు. దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీ సేఫ్టీ టీమ్ సూట్లు, పీహెచ్ కాగితాలు, స్పానర్లు, విటాన్ (యాసిడ్‌ని తట్టుకునే రబ్బరు) ప్యాడ్లు తెచ్చేదాకా ఎవర్నీ లోపలికి పంపలేదు. ఆ గంటా నన్ను తిట్టినవాళ్లు తక్కువేం కాదు. గన్నవరం దగ్గరి కొండపావులూరులో ఎన్‌డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది, వాళ్లకి కెమికల్ శిక్షణ ఉంది, కానీ అక్కడి నుంచి ఇక్కడికి రావాలంటే దూరం దూరమే.

ఇద్దరు లోపలికి, ఇద్దరు అదే డ్రెస్‌లో బయట సిద్ధంగా. లోపలికి వెళ్లకముందే కడిగే ఏర్పాటు పూర్తి కావాలి, ఇది నేను ఎవరికోసమూ సడలించను. లైనర్ ముక్కతో తొట్టిలా చేసి, హోస్ రీల్ పట్టుకుని ఒకరిని నిలబెట్టాం. సూట్ మడతలు బూటు లోపలికి కాదు, బూటు పైనుంచి బయటికి రావాలి. లోపలికి దోపితే కారిందంతా బూటులోకే. ఆరు లీటర్ల సిలిండర్ 300 బార్‌లో 45 నిమిషాలు వస్తుందని కాగితం మీద ఉంటుంది, కానీ మే నెల ఎండలో గాలి ఆడని సూట్‌లో మనిషే ముందు అయిపోతాడు. ఇరవై నిమిషాలకి వెనక్కి రమ్మని చెప్పి పంపాను.

లీకు పైనున్న మ్యాన్‌హోల్ మూత గ్యాస్కెట్ దగ్గర. బండి పక్కకి పడటంతో మూత బరువంతా ఒక వైపుకి వచ్చి, వేలు మందాన కారుతోంది. వాళ్లు వెళ్లి మొదట పీహెచ్ కాగితం ముంచారు. పలుచని యాసిడ్ అయితే కాగితం ఎర్రబడుతుంది. ఇది క్షణంలో నల్లబడి, అంచు ముద్దయి రాలిపోయింది. నంబరు చదవాల్సిన పని లేకుండా ఏంటో చెప్పేసింది. మూత బోల్టులు ఎదురెదురుగా ఒక్కో పట్టు బిగించారు, విటాన్ ప్యాడ్ పెట్టి నొక్కారు. చెక్క ప్లగ్గు వద్దని ముందే అనుకున్నాం, ఈ యాసిడ్‌లో అది బొగ్గవుతుంది. ధార చుక్కలయింది. చుక్కల కింద ప్లాస్టిక్ డ్రమ్ము సగానికి కోసి పెట్టారు. మొదటి దఫాలో అంతే, బయటికొచ్చేశారు.

తెల్ల సంచులు

గుంటలో నిలిచిన యాసిడ్‌కి తటస్థీకరణ కావాలి. ఆక్వా ప్రాంతంలో ఒక అదృష్టం ఉంది, సున్నం టన్నుల్లో దొరుకుతుంది. ఒక దురదృష్టం కూడా ఉంది, ఆ కొట్లో ఉండే సంచులన్నీ తెల్లపొడివే. క్యాల్షియం కార్బొనేట్, డోలమైట్, కాల్చిన సున్నం, వాటి పక్కనే బ్లీచింగ్ పౌడర్. డీలరు సాయం చేద్దామని తెచ్చిన ట్రాలీలో బ్లీచింగ్ సంచులు కూడా ఉన్నాయి. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్. 2016 అక్టోబర్ 21న అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం అచిసన్‌లో ఒక ట్యాంకర్ నుంచి సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని పొరపాటున సోడియం హైపోక్లోరైట్ (ద్రవరూపంలోని బ్లీచింగ్) ట్యాంకులోకి ఎక్కించారు. లేచిన విషవాయువుకి 140 మందికి పైగా ఆస్పత్రుల బాట పట్టారు. అక్కడ ఒకే రకంగా ఉన్న పైపు కనెక్షన్లు పక్కపక్కనే ఉన్నాయి, ఇక్కడ ఒకే రకంగా ఉన్న సంచులు. ట్రాలీని దూరంగా ఆపించి, ఒక్కో సంచి మీద ఏం రాసుందో చదివి దించుకున్నాం. బ్లీచింగ్ ఒక్కటి కూడా తాడు దాటలేదు. కాల్చిన సున్నం కూడా వెనక్కి పంపాం, అది నీళ్లు తగిలితేనే మరుగుతుంది, యాసిడ్‌తో చెప్పక్కర్లేదు.

కార్బొనేట్ అయితే లెక్క సులువు, 98 కిలోల యాసిడ్‌కి 100 కిలోలు. రెండు టన్నులకి రెండు టన్నులు. కానీ పైన జిప్సం పొర కట్టి పొడి లోపలికి యాసిడ్‌ని పోనివ్వదు, అందుకని రెండింతలు తెప్పించాం. ముందు ఇసుక వేసి యాసిడ్‌ని కదలకుండా చేసి, అంచు నుంచి లోపలికి పొడవు పారలతో కొంచెం కొంచెం. ఒక్కసారి గుమ్మరిస్తే నురగ ఎగిసి గట్టు దాటుతుంది. పూర్తిగా జరిగితే రెండు టన్నుల యాసిడ్‌కి దాదాపు 900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది గాలికంటే బరువు, బోదెలో నిలుస్తుంది. దిగిన ప్రతివాడికీ బీఏ సెట్ ఉండాల్సిందే, వాసన లేదు కదా అని తీసేయకూడదు. రాత్రి పొద్దుపోయేదాకా సాగింది ఈ పని.

ఎత్తడం

క్రేన్ వాళ్లు సాయంత్రమే వచ్చి బండిని లేపేద్దామన్నారు. నిండుగా ఉన్న ట్యాంకుని లేపనివ్వలేదు. కంపెనీ ఖాళీ ట్యాంకర్, యాసిడ్ పంపు తెచ్చి సరుకంతా మార్చుకున్నాకే లేపాం. క్రేన్ బెల్టుల్లో నైలాన్‌వి ఉంటే పక్కన పెట్టమన్నాం, యాసిడ్ తగిలిన నైలాన్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం.

ఇక్కడ ఒక సంగతి చాలామంది ఫైర్ వాళ్లకే కొత్త. 98 శాతం యాసిడ్‌ని మామూలు ఇనుప ట్యాంకులోనే మోస్తారు, ఎందుకంటే ఆ గాఢతలో ఇనుము మీద రక్షణ పొర కడుతుంది. నీళ్లు కలిసి పలుచనైతే ఆ పొర పోయి, యాసిడ్ ఇనుముని తినడం మొదలుపెట్టి హైడ్రోజన్ వదులుతుంది. అంటే ట్యాంకులోకి హోస్‌తో నీళ్లు పోస్తే యాసిడ్ కేసు కాస్తా పేలుడు కేసవుతుంది. సరుకు మార్చేటప్పుడు, లేపేటప్పుడు గ్యాస్ కటింగ్, గ్రైండర్, బీడీ, ఏదీ దగ్గరికి రానివ్వలేదు.

రోడ్డు మీద నీళ్లు కొట్టింది చిట్టచివర. సున్నం కలిసిన ఇసుకంతా ఎత్తేశాక, తారు మీద మిగిలిన తేమ మీద పొడి చల్లి, పీహెచ్ కాగితం 6 దాటాక, మట్టికట్ట లోపలికే పారేలా కడిగాం. ఆ కడిగిన నీళ్లు కూడా కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు పరీక్షించేదాకా కదలనివ్వలేదు. బయటికి వదిలే నీటికి పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలన్నది వాళ్ల ప్రమాణం.

తర్వాత మిగిలినవి

ఎత్తిన మట్టి పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లింది, ఖర్చు సరుకు పంపినవాళ్లది. తడిసిన చేతితొడుగులు, తోలు బెల్టు ఒకటి, హోస్ ముక్క ఒకటి తీసి పారేశాం. కడిగి ఆరబెట్టి వాడుకుందామన్న మాట వచ్చింది, ఒప్పుకోలేదు. దారంలో ఇంకిన యాసిడ్ ఆరదు, నీరు పోయి ఇంకా గాఢమవుతుంది. వారం తర్వాత ప్రెషర్ ఎక్కినప్పుడు ఆ హోస్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు.

జిల్లా క్రైసిస్ గ్రూప్ సమావేశంలో కలెక్టర్ గారి ముందు మూడే అడిగాను. హైవే మీదున్న ప్రతి స్టేషన్‌కీ నాలుగు ద్రవనిరోధక సూట్లు, ఒక బైనాక్యులర్స్, ఒక పీహెచ్ కాగితాల డబ్బా. సూట్లకి టెండర్ పిలవాలన్నారు. బైనాక్యులర్స్, కాగితాలు అదే నెలలో వచ్చాయి. దాంతోపాటు ఆక్వా డీలర్ల జాబితా ఒకటి తయారు చేసి మా కంట్రోల్ రూమ్‌లో పెట్టాం. ఎవరి దగ్గర కార్బొనేట్ ఎంత ఉంటుంది, లైనర్ ఉందా, పొక్లెయిన్ ఫోన్ నంబరు ఏది. బ్లీచింగ్ నిల్వ ఎక్కడుందన్నది అదే కాగితం మీద ఎర్ర ఇంకుతో.

కల్వర్టు దగ్గర మట్టికట్టని వెంటనే తీయించమని చెరువుల వాళ్లు ఒత్తిడి చేశారు. నేల లోపల ఇంకింది మొదటి వానకి పైకి వస్తుంది కాబట్టి జూన్ వానలు రెండు పడేదాకా ఉంచమని నీటిపారుదల వాళ్లకి రాతపూర్వకంగా ఇచ్చాం. మొదటి వాన తర్వాత కట్ట వెనక నిలిచిన నీటిలో పీహెచ్ 4 వచ్చింది, ఇంకో నాలుగు బస్తాల కార్బొనేట్ పట్టింది. రెండో వానకి 6 దాటింది. అప్పుడు తీయించారు.